మంచు కింద గడ్డి

కోక్‌సాయ్,
అక్టోబరు మొదటివారం

చెల్లెలు జిపార్‌కు,

నీ మందా నీ మనుషులూ చల్లగా ఉన్నారని తలుస్తున్నాను. ఇక్కడ మేమూ మా గొర్రెలూ బాగానే ఉన్నాం.

చెప్పకుండా వెళ్ళిపోయావు. నేను ఆవు దగ్గర పాలు పితుకుతూ గిట్టల చప్పుడు విని, మరిది కుబాత్ గుర్రాలను ఏటికి తోలుతున్నాడనుకున్నాను. లేచి వచ్చి చూస్తే గుర్రాల మందంతా కనుమ దారి పట్టింది. వెనకాల బండి మీద నువ్వు, నీ ఒళ్ళో జిబెక్. నీకోసం కాచిన ఉప్పు టీ పొయ్యి మీదే ఉండిపోయింది. తోడికోడళ్ళం, ఇన్నేళ్ళు ఒకే పొయ్యి మీద వండుకున్నవాళ్ళం, ఒక్క మాట చెప్పి వెళ్తే నీ సొమ్మేం పోయేది?

మామగారు మంచం మీదుండి మందలు పంచిన రోజు మనమిద్దరం పక్కనే ఉన్నాం. గొర్రెలు పెద్దవాడికి, గుర్రాలు చిన్నవాడికి, కోక్‌సాయ్ చలికాలపు బీడు ఇద్దరికీ. రెండూ చెరిసగం ఇవ్వచ్చు కదా నాన్నా అని కుబాత్ అడిగితే ముసలాయన ఏమన్నారో నువ్వూ విన్నావు. "చెరిసగం ఇస్తే విడిపోతార్రా. మంచు పడ్డాక గుర్రాలు ముందు నడిచి గిట్టలతో తవ్వాలి, గొర్రెలు వెనకాల వచ్చి మెయ్యాలి. ఇలా ఇస్తే చచ్చినట్టు కలిసుంటారు." ఆయన పోయి ఏడాది తిరగలేదు. విడిపోయారు.

మీ బావగారు వేసవిలో ఆ బీడులో గడ్డి కోయించడం తప్పే అనుకో. కోసింది కోసేశారు, వాములు వేసేశారు. అంతమాత్రానికి నీ మొగుడు అన్న చేతిలోంచి కొడవలి లాక్కుని బండకేసి విరగ్గొట్టాలా? అదీ కూలివాళ్ళ ఎదుట. అప్పుడు ఈయన ముఖం నేను చూడలేకపోయాను. ఇప్పుడేమో పోతే పోనీ, నాకు వాములున్నాయి అంటూ తిరుగుతున్నారు. గుర్రాలు లేని బీడు చూస్తుంటే నాకు మాత్రం భయమేస్తోంది.

మంచు పడేలోగా కుబాత్‌కి నచ్చజెప్పి తీసుకురా. ఇంకో సంగతి. జిబెక్‌ని కన్నది నేనైనా, నీకు పిల్లలు లేరని బొడ్డు కోసిన రోజే అత్తగారు నీ ఒళ్ళో పెట్టారు. మనవాళ్ళలో అది ఉన్నదే, నేనూ మనసారా ఒప్పుకున్నాను. దాన్ని ఏనాడూ తిరిగి అడగను. కానీ రోజూ కళ్ళపడేది. ఇప్పుడు అదీ లేదు.

నీ అక్క,
బురుల్

*

తుయుక్,
నవంబరు

బురుల్ అక్కకు,

నీ మందా నీ మనుషులూ క్షేమమా? పిల్లలకు నా ముద్దులు. లారీ నడిపే చొరో నీ ఉత్తరం, నువ్వు పంపిన వెన్నముద్ద తెచ్చి ఇచ్చాడు. వెన్న సగం దారిలోనే తినేశాడని నా అనుమానం, మీసాలు మెరుస్తున్నాయి.

పుట్టింట్లో నాకేం లోటు లేదు. వదినలు కాలు కింద పెట్టనివ్వడం లేదు. మేం వచ్చిన రోజు మా పెద్దన్న ఎసెన్ బలిసిన గుర్రాన్ని కోయించి ఊరందరికీ వండి పెట్టాడు. తుయుక్ గడ్డి మీద మా ఇంటి ఆడపిల్ల గుర్రాలకూ హక్కుందని అందరి ముందూ అన్నాడు. జిబెక్ మా అన్న పిల్లల దగ్గర నానా తిట్లూ నేర్చుకుంది. నిన్న కోడిని ఒక తిట్టు తిట్టింది, నీకు రాయలేను. బుగ్గలు ఎర్రగా అయ్యాయి. నువ్వు బెంగపడకు.

చెప్పకుండా వచ్చానని నిష్ఠూరమాడావు. చెబితే నువ్వు ఏడుస్తావు, నేనూ ఏడుస్తాను, బండి కదలదు. అందుకే చెప్పలేదు.

కానీ అక్కా, కోయించడం తప్పే అని రాసి, పక్కనే 'అనుకో' అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది. మామగారు బతికుండగా ఆ బీడులో కొడవలి పెట్టనిచ్చారా? నిలబడి ఉన్న గడ్డి మంచు కింద చలికాలమంతా దాగి ఉంటుంది, అదే గుర్రాల తిండి, తవ్వినందుకు వాటి కూలి. దాన్ని కోసి వాములు వేసుకున్నారు. ఆ వాముల్లోంచి ఒక్క మోపైనా మావైపు వచ్చిందా? గడ్డి బావగారిదీ, మంచు తవ్వే చాకిరీ మా గుర్రాలదీ. నా సొమ్మేం పోయిందని అడిగావు. ఇదే పోయింది.

ఈయన ఇక్కడ గుమ్మంలో కూర్చుని కనుమ వైపే చూస్తుంటారు. వాళ్ళన్న 'రా' అని ఒక్క మాట కబురు పెడితే పరుగెత్తుకొచ్చేస్తారు, నాకు తెలుసు. ఆ ఒక్క మాట అనిపించు. పెద్దవాడనిపించుకున్నాక ఆ మాత్రం దిగిరావద్దా?

జిపార్

*

కోక్‌సాయ్,
జనవరి మొదట్లో

జిపార్‌కు,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక లేదు, ఏమీ అనుకోకు. చొరో ఇంటి ముందు లారీ ఆపి ఇంజను ఆపకుండా నిలబడ్డాడు, గబగబా రాస్తున్నాను.

కొత్త సంవత్సరానికి ముందు ఉన్నట్టుండి వేడిగాలి కొట్టింది. పై మంచు కరిగింది, దాని మీద వాన పడింది. మర్నాటికి చలి బిగిసి లోయంతా గాజు పలకలా గడ్డకట్టింది. అడుగున గడ్డి కనిపిస్తోంది జిపార్, పసుపుపచ్చగా, వంగి పడుకుని, నీళ్ళలో ఉన్నట్టు. గొర్రెలు దాని మీద నిలబడి మూతితో రాస్తున్నాయి. కాలితో తవ్వబోతే కాలు కోసుకుపోతోంది. మంచు మీద అన్నీ ఎర్ర మరకలే.

వాములు అయిపోవచ్చాయి. గడ్డి వేస్తే బలమైనవి ముందుకు దూకి చూడి గొర్రెలను తొక్కేస్తున్నాయి. మొదట అడ్డంగా నిలబడి బక్కవాటికి విడిగా వేసేదాన్ని. ఇప్పుడు మానేశాను. ఎలాగూ చచ్చేదానికి వేస్తే బతికేది కూడా చస్తుంది. నేనేనా ఇలా లెక్కలు వేస్తున్నది అనిపిస్తోంది.

కుబాత్‌కి చెప్పు. గుర్రాలను తీసుకురమ్మను. అవి ఒక్కసారి లోయలో అటూ ఇటూ నడిచి మంచు పెచ్చు పగలగొడితే చాలు, గొర్రెలు మిగతాది చూసుకుంటాయి. నేను రాస్తున్నట్టు ఈయనకు తెలియదు. తమ్ముణ్ణి బతిమాలనని రొట్టె మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. ఆ ఒట్టు ఆయనది, నాది కాదు. నేను బతిమాలుతున్నాను. నీ కాళ్ళు పట్టుకుంటున్నాననే అనుకో. ఈ మంద పోతే మాకు ఇంకేం లేదు.

బురుల్

*

తుయుక్,
జనవరి

ప్రియమైన అక్కకు,

నీ మందా నీ మనుషులూ గట్టెక్కాలని రోజూ దేవుణ్ణి వేడుకుంటున్నాను. నీ ఉత్తరం అందింది.

ఇక్కడా అంత బాగా ఏమీ లేదు. ఈయన తప్పిపోయిన గుర్రాలను వెతుక్కుంటూ వెళ్ళారు, రాగానే చెప్తాను. అయినా కనుమలో మంచు కూలిందని అంటున్నారు, దారి ఎలా ఉందో ఏమో. ఆడగుర్రాలన్నీ చూడివి. వాటి సంగతి నీకు నేను చెప్పాలా? జిబెక్‌కి దగ్గు పట్టుకుంది, కొవ్వు రాసి పడుకోబెట్టాను, తగ్గుతుందిలే.

ఈలోగా మీ ఊరి పెద్దలను అడిగి ఎక్కడైనా కాస్త గడ్డి సంపాదించండి. దొడ్ల పైకప్పుల మీద పాత గడ్డి ఉంటుంది కదా, అది కూడా పనికొస్తుంది. ధైర్యంగా ఉండు. గాలి మారితే పెచ్చు దానంతటదే విరిగిపోతుంది.

నీ చెల్లెలు,
జిపార్

*

కోక్‌సాయ్,
జనవరి చివర

జిపార్,

పైకప్పు గడ్డి కూడా పెట్టేశాం. నువ్వు చెప్పేదాకా ఆగలేదు.

గొర్రెలు ఒకదాని ఒంటి మీద ఒకటి ఉన్ని పీక్కు తింటున్నాయి. వెనక నిలబడ్డది ముందుదాని ఉన్ని తింటుంది, దాని ఉన్ని ఇంకోటి తింటుంది. ఉన్ని పోయినది చలికి చచ్చిపోతుంది, తిన్నది కడుపులో ఉండకట్టి చచ్చిపోతుంది. ఈయన పొద్దున్నే లేచి చచ్చినవాటిని గోడ వారగా పేర్చి, తోళ్ళు ఒలిచి, వచ్చి టీ తాగుతారు.

చొరో వచ్చాడు. కనుమలో మంచేమీ కూలలేదట, లారీయే వచ్చిందంటే గుర్రాలకు అడ్డమేముంది అన్నాడు. నా ఉత్తరం నీ చేతికి ఇచ్చిన రోజు కుబాత్ మీ ఇంట్లోనే కూర్చుని టీ తాగుతున్నాడట. వదిన బాగుందా అని అడిగాడట. నువ్వు ఉత్తరం జేబులో పెట్టుకుని, బాగానే ఉన్నారట అన్నావట.

చెప్పావా, లేదా? అదొక్కటి రాయి.

బురుల్

*

తుయుక్,
ఫిబ్రవరి

బురుల్ అక్కకు,

చెప్పలేదు.

చెబితే ఆయన బూట్లు కూడా తొడుక్కోకుండా బయల్దేరతారు. అందుకే చెప్పలేదు. అన్న, నాన్న మాట, కోక్‌సాయ్ అంటూ ఏడుస్తూ గుర్రాలను తోలుకుపోతారు. అక్కడ ఆ గాజు మీద చూడి గుర్రాలు తవ్వి తవ్వి కాళ్ళు కోసుకుని కడుపులు పోగొట్టుకుంటాయి. తవ్విన గడ్డి మీ గొర్రెలు తింటాయి. కింది బీడు ఎటూ మీరు కోసేశారు, పై బీడులో మిగిలిన గడ్డి రెండు మందలకు చాలదు. ఇద్దరికీ చాలదన్నప్పుడు ఎవరో ఒకరిది పోవాలి. నాది పోనివ్వలేదు. నా స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివో గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పు. బక్కవాటికి గడ్డి వెయ్యడం మానేశానని నువ్వే రాశావు.

ఇంకో మాట. నువ్వు నాకు అన్నీ చెప్పావా? ఆ మందలో సగం పట్నం వాళ్ళ గొర్రెలట కదా. మేపినందుకు డబ్బు తీసుకుని ఎవరెవరివో తెచ్చి మన లోయలో కలిపారట. చొరో చెప్పాడు, వాడికి నీ మాటలు నాకూ నా మాటలు నీకూ చేరెయ్యడమే పని. అందుకా బీడు కోసింది? అందుకా వాములు చాలనిది? ఎవడో షాపువాడి గొర్రెల కోసం నా గుర్రాల కాళ్ళు విరగ్గొట్టమని, కాళ్ళు పట్టుకుంటున్నానని రాస్తావా? ఆ ఒక్క ముక్క ఉత్తరంలో రాయడానికి సిగ్గేసిందా?

ఇదంతా చేసింది ఒర్మోన్. ఔను, పేరు పెట్టే రాస్తున్నాను. కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి బావగారి పేరు నోటి వెంట రానివ్వలేదు. ఇప్పుడు రాశాను, చెయ్యేమీ పడిపోలేదు. ఆశకు పోయి మామగారి లోయను నాశనం చేశాడు ఒర్మోన్. దానికి నా ఇల్లు ఎందుకు మునగాలి?

ఈ ఇంట్లో తింటున్నది నీ కూతురే. ఈ గుర్రాలు పోతే వేసవిలో దాని గిన్నెలోకి గుర్రపు పాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నీ గొర్రెలా, నీ పిల్లా అని ఆలోచించుకుంటే నామీద నీకు ఇంత కోపం రాదు.

జిపార్

*

తుయుక్,
మార్చి మొదట్లో

అక్కయ్యకు,

నా పోయిన ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. చొరో రెండు విడతలు వచ్చాడు, రెండుసార్లూ చేతులు ఊపుకుంటూ వచ్చాడు. అడిగితే ముఖం తిప్పుకున్నాడు. నేను రాసిన తీరు బాగాలేదు. పెద్దదానివి, మనసులో పెట్టుకోకు.

ఇక్కడ పరిస్థితి మారిపోయింది. ఆ గాజు పెచ్చు మీ దగ్గరే ఆగలేదు, తుయుక్ మీదికీ వచ్చింది. గాలికి మంచు కొట్టుకుపోయి కాస్త గడ్డి తేలిన వాలు ఒక్కటే ఉంది. అక్కడికి మా గుర్రాలూ వెళ్తాయి, అన్నల గుర్రాలూ వెళ్తాయి. మా మగగుర్రమూ ఎసెన్ అన్న మగగుర్రమూ వెనక కాళ్ళ మీద లేచి మెడలు కొరుక్కున్నాయి. మాది ఓడిపోయి గుంతలో పడి కాలు విరగ్గొట్టుకుంది, కోసేయాల్సి వచ్చింది. దాని వెనకున్న ఆడగుర్రాలను వాలు మీదికి రానివ్వడం లేదు. నిలబడ్డచోటే నిలబడి వాటి పేడ అవే తింటున్నాయి.

వచ్చిన రోజు హక్కుందన్న అన్నే మొన్న అందరిముందూ నన్ను పిలిచాడు. "చెల్లెలికి నా ఇంట్లో ఎప్పుడూ చోటుంది. గుర్రాలకు లేదమ్మా." అన్న గుర్రాలు మాత్రం ఏం తింటాయి? వదినలు నా ముందు మూకుడు మీద మూత పెడుతున్నారు.

కోక్‌సాయ్ వెళ్ళిపోదామని నేనే అన్నాను. ఈయన ఒప్పుకోవడం లేదు. "కొడవలి విరగ్గొట్టి వచ్చినవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను? అన్నకి నా అవసరం ఉంటే ఈపాటికి కబురు పెట్టేవాడు. ఒక్క ముక్క చాలు నాకు. పెట్టలేదంటే నన్ను వదిలేసుకున్నాడనే" అని, పొయ్యిలోకి చూస్తూ నాతో అన్నారు. నేను పిండి కలుపుతున్నాను. తల ఎత్తలేదు.

అక్కా, ఆ కబురు పంపించు. బావగారు రమ్మన్నారని ఒక్క ముక్క. నన్ను ఏమైనా అను, ఆయనకు మాత్రం ఏమీ చెప్పకు. మాకు ఉన్నది ఈ గుర్రాలొక్కటే. జిబెక్ బాగానే ఉంది, కాస్త చిక్కింది.

నీ జిపార్

*

కోక్‌సాయ్,
మార్చి

జిపార్‌కు,

మంద పోయింది. మొత్తం. అందుకే రాయలేదు, రాయడానికి ఏమీ మిగల్లేదు.

పట్నం వాళ్ళ గొర్రెల మాట నిజమే. సిగ్గేసి రాయలేదు, అదీ నిజమే. వాళ్ళు ఫిబ్రవరి చివర లారీ వేసుకుని వచ్చారు. దొడ్డిలో లేచి నిలబడగలిగినవి కొన్ని మిగిలాయి. చెవుల మీద గుర్తులు చూసి తమవి తీసుకున్నారు, చచ్చిన తమవాటికి బదులు మా గుర్తున్నవీ తీసుకున్నారు. బతికినవి వాళ్ళవి, చచ్చినవి మావి. మీ బావగారు దగ్గరుండి లారీ ఎక్కించారు. అవి సొంతంగా ఎక్కలేకపోతే ఎత్తి ఎక్కించారు.

ఆయన పేరు పెట్టి రాసినా చెయ్యేమీ పడిపోలేదని రాశావు. పడిపోదు, నాకూ తెలుసు. నువ్వు అన్నవాటిలో చాలావరకు నిజమే, అందుకే మరీ మండింది. గుండె మీద చెయ్యి వేసుకోమన్నావు, వేసుకున్నాను. నీ స్థానంలో ఉంటే నేనూ చెప్పకపోదునేమో. దానివల్ల నీ మీద నాకు కోపం తగ్గుతుందనుకోకు. తగ్గలేదు. నీ ముఖం చూడాలంటే నాకు అసహ్యంగా ఉంది, దాన్ని దాచుకోను.

ఒకటి మాత్రం నువ్వు తెలుసుకోవాలి. బతిమాలనని ఒట్టు పెట్టుకున్న మనిషి, జనవరి నుంచీ ప్రతి పొద్దునా గోడ మీదికెక్కి కనుమ వైపు చూశారు. ఏం చూస్తున్నావు నాన్నా అని పిల్లలు అడిగితే, బాబాయి వస్తాడు అన్నారు. పిలిచావా అంటే, "వాణ్ణి పిలవాలా? ఈ మంచు వాడికి కనపడదా? అడక్కుండానే వస్తాడు" అన్నారు. గోడ వారన తోళ్ళు పెరిగేకొద్దీ చూడటం తగ్గింది. లారీ వెళ్ళిన రోజు నుంచి గోడ ఎక్కలేదు. నేను పక్కనే రొట్టె కాలుస్తూ నోరు మూసుకున్నాను. నేను రాశానని చెబితే ఆయన ఒట్టు పోతుంది, అది నీకు అందిందని చెబితే ఆయనకు తమ్ముడే లేకుండా పోతాడు.

నీ ఉత్తరం వచ్చాక ఆయనతో, కుబాత్ గుర్రాలకు అక్కడ మేత లేదట అని మాత్రం అన్నాను. "రమ్మను. గడ్డి వృథాగా పోవడమెందుకు" అన్నారు. కాసేపాగి, ఇప్పుడెందుకు వస్తున్నాడు అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. చెబితే నీ కాపురం కూలుతుంది, ఆ కాపురంలో నా పిల్ల ఉంది. దాన్ని వెనక్కి తెచ్చుకుందునా అంటే పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. అది నీకు తెలుసు.

కాబట్టి కుబాత్‌తో మీ అన్న రమ్మన్నాడని చెప్పు. ఈసారైనా చెప్పు. పై బీడులో మేము కొడవలి పెట్టలేదు, గొర్రెల మూతి తగల్లేదు, మంచు కింద ఎలా ఉన్న గడ్డి అలాగే ఉంది. మీ గుర్రాలకు వేసవి దాకా వస్తుంది. పగలగొట్టుకుంటూ హాయిగా తినమను. వెనకాల వచ్చేవి ఏమీ లేవు.

బురుల్